పై వరస గిన్నెలు

మా వంటింట్లో పొయ్యి వెనక గోడకు మూడు వరసల అరలున్నాయి. వాటి మీద మా అత్తమ్మ ఇత్తడి సామాను ఉంటుంది. బిందెలు, గుండిగలు, మరచెంబులు, అన్నీ ఆమె కాపురానికి వచ్చినప్పుడు గోదావరి వైపు నుంచి రైల్లో తెచ్చుకున్నవి. శుక్రవారం వచ్చిందంటే చింతపండు నానబెట్టుకుని తోమడానికి కూర్చుంటుంది. పనిమనిషిని ముట్టనివ్వదు. నన్నూ ముట్టనివ్వదు. "మీ వైపు వాళ్ళకి ఇత్తడి తోమడం చేతకాదులే అమ్మాయ్" అంటుంది. నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ ఇంట్లో మాత్రం ఇత్తడి లేదా? కొత్తలో ఆ మాటకు ఒళ్ళు మండేది. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు గడిచాక, పోనీలే ఒక పని తప్పింది అనుకుని ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందట నాకు వీడియోల పిచ్చి పట్టుకుంది. అత్తమ్మ వండుతుంది, నేను ఫోన్‌లో తీస్తాను, ల్యాప్‌టాప్‌లో కత్తిరించి అతికిస్తాను. మేం పెద్ద పేరున్నవాళ్ళమేం కాదు. మల్కాజ్‌గిరిలో మా కాలనీ వాళ్ళు చూస్తారు, చుట్టాలు చూస్తారు. రాజమండ్రిలో ఉండే అత్తమ్మ తోటికోడలైతే ఒక్కటీ వదలదు. ఆవిడ మా మామయ్యకు వదినగారు, నేను పెద్దత్తమ్మ అంటాను. ఆవిడ ఫోన్ చేసి బాగుందన్న రోజు మా అత్తమ్మ కాలు నేల మీద నిలవదు.

చూసేవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు. వెనకాల గిన్నెలు కళ్ళలో పొడుస్తున్నాయి, వంట మీద చూపు ఆనడం లేదు అని. నిజమే. వంటింటి కిటికీ తూర్పుకుంది. పొద్దుటి ఎండ సూటిగా ఇత్తడి మీద పడి, ఫోన్‌లో తెల్లటి మచ్చలై కనిపిస్తుంది. కిటికీ మూద్దామంటే "పోపు వేగిందో మాడిందో నాకు చీకట్లో ఎలా తెలుస్తుంది?" అంటుంది అత్తమ్మ. పక్కకు జరిగి తీద్దామంటే ఆ వంటింట్లో ఇద్దరం నిలబడ్డాక ఫ్రిజ్ తలుపు కూడా తెరుచుకోదు. ఇక గిన్నెలు తీసి లోపల పెడదామన్న మాట నేను ఎత్తనే లేదు. నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

ఆవ పెట్టిన పనసపొట్టు కూర తీసిన వారం, ఈ మెరుపు సంగతేదో ఎడిటింగ్‌లోనే తేల్చుకుందామని కూర్చున్నాను. ఆన్‌లైన్ పాఠాలు చూసి నేర్చుకున్నాను. మెరుస్తున్న చోటు చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల మాత్రం వెలుతురు తగ్గించాలి. వినడానికి ఇంతే. కానీ అత్తమ్మ ఊరుకోదుగా, గరిటె తిప్పుతూ అటూ ఇటూ కదులుతుంది. చేయి ఆ గీత లోపలికి వచ్చినప్పుడల్లా చేయి కూడా నల్లబడిపోయేది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, చేయి వచ్చిన ప్రతిచోటా గీత జరపాలి. రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర మానేసి అదే పని.

ఒక్క సంగతి మాత్రం కలిసొచ్చింది. పై వరస గిన్నెలకు మెరుపే లేదు. ఎండ అంత ఎత్తుకు పోవడం లేదేమో అనుకుని, కింది రెండు వరసలనూ వాటికి సరిపోయేదాకా తగ్గించుకుంటూ వచ్చాను. చివరికి మూడు వరసలూ ఒక్క తీరుగా కుదిరాయి. నా పనితనానికి నేనే మురిసిపోయి, మా ఆయనకు నాలుగుసార్లు చూపించాను. ఆయన నాలుగుసార్లూ కూర గురించే మాట్లాడాడు.

ఆదివారం పొద్దున వీడియో పెట్టాను. అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చూసింది. కాసేపటికి పెద్దత్తమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి గట్టు మీద ఉంచాను.

"కూర చూస్తేనే నోరూరిందే. కానీ గిన్నెలేంటే అలా మాసిపోయాయి? ఒంట్లో ఓపిక తగ్గిందా? పోనీ తీసేసి అటక మీద పడేయించు. ఈ వయసులో ఎందుకే ఈ పాట్లు?"

ఆవిడ ప్రేమగానే అడిగింది. అత్తమ్మ మొహం మాత్రం పాలిపోయింది. "కుక్కర్ పెట్టానక్కయ్యా" అని చెప్పి వెనక బాల్కనీలోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద కుక్కర్ లేదు.

నేను ఫోన్ అందుకున్నాను. "పెద్దత్తమ్మా, అత్తమ్మ మంచిగనే తోమింది. గిన్నెలు మస్తు మెరుస్తున్నయని నేనే కంప్యూటర్ల తగ్గించిన. జెర ఎక్కువ తగ్గించినట్టున్న, గంతే."

"మెరిసేవాటిని మాపడానికి చదువుకున్నావటే!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. గండం గడిచిందని నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను.

తిరిగి చూస్తే అత్తమ్మ బాల్కనీ గుమ్మంలోనే ఉంది. అంతా విన్నట్టుంది. నా వంక చూడకుండా గోడ వంక చూస్తూ "పై వరస కూడా నువ్వే తగ్గించావా?" అంది.

అవునని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. నోరు రాలేదు. "లేదత్తమ్మా" అన్నాను.

"నాకు తెలుసులే" అంది. కుడిచేయి ఎత్తి చూపించింది. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "వేసవి నుంచీ ఇంతే. ఆపైకి లేవట్లేదు. నిన్ను దించమంటే ఎందుకని అడుగుతావు. మీ ఆయనకి చెప్పకు. వాడికి తెలిసిందంటే ఇవన్నీ పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తాడు."

నాకు చచ్చేంత సిగ్గేసింది. రెండు రోజులు అదే వరసను తెర మీద పెద్దది చేసుకుని చూశాను. ఎండ పడలేదనుకున్నాను గానీ, చేయి అందలేదని తట్టలేదు. పక్కనే నిలబడి ఇన్ని నెలలు వీడియోలు తీసినదాన్ని నేనే.

"రేపు డాక్టర్ దగ్గరికొస్తే చెప్పను" అన్నాను.

"ముందు గిన్నెలు" అంది.

స్టూల్ వేసుకుని పై వరస మొత్తం దించాను. బాల్కనీలో పంపు దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నానిన చింతపండు సగం నా ముందుకు జరిపింది. నేను మొదటి గుండిగ తోమి ఇస్తే ఒళ్ళో పెట్టుకుని, ఎండకు తిప్పి చూసి, "అడుగు చూడు" అని వెనక్కి ఇచ్చింది. మళ్ళీ తోమాను. రెండోదానికి "అంచు" అంది. మూడోదానికి "అంత కసిగా రుద్దకే, గిన్నె నీకేం చేసింది?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. ఎండ ఎక్కుతోంది, మా ఆయన లోపల్నుంచి రెండుసార్లు టీ అడిగాడు, ఇద్దరం వినపడనట్టే ఉన్నాం. చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

ఆరో గిన్నెను ఆమె తిప్పి చూడలేదు. అందుకుని, కడిగి, పక్కన బోర్లించింది.

"వచ్చే శుక్రవారం నుంచి పై వరస నువ్వు చూసుకో" అంది.

నాకు ఏడుపొచ్చింది. చేతుల నిండా చింతపండు. కళ్ళు తుడుచుకునే వీల్లేక తల వంచుకుని ఏడో గిన్నె తోముతూ కూర్చున్నాను.