స్కూటర్ దిగిపోయిన అవ్వ

మా చిన్నప్పుడు... స్కూటర్ స్టార్టవ్వాలంటే ముందు దాన్ని ఒక పక్కకు వంచాలి. నాన్న వంచి, లేపి, కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. నాలుగో దానికో ఐదో దానికో బుర్రుమనేది. ఆ పొగ వాసన నాకు భలే ఇష్టం!

శనక్కాయ బాగా పండిన ఏడాది పావగడలో కొన్న పాత బండి అది. తర్వాత వరసగా కరువులొచ్చినా నాన్న అమ్మలేదు. ముందు నిలబడి తమ్ముడు, తర్వాత నాన్న, మధ్యలో ఇరుక్కుని నేను, వెనక ఒక పక్కకు కూర్చుని అమ్మ. అంతే... ఇంకొకరికి చోటు లేదు. ఆ ఇంకొకరు మా అవ్వ, నాన్న వాళ్ళ అమ్మ.

అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, మంగళవాడలో ఉండేది. అమ్మ పుట్టిల్లూ ఆ ఊరే. బస్సెక్కితే అవ్వకు వాంతులు, అందుకని ఎక్కేది కాదు. ఒకసారి మా మామ కొడుక్కి పేరు పెడుతున్నారని బయలుదేరాం. చిన్నవ్వకు ఒంట్లో బాగాలేదని అప్పటికే కబురొచ్చింది.

"పాపా, ఈ తూరి నువ్వు పక్కింటోళ్ళ కాడుండు. అవ్వను పిల్చుకొని పోతా" అన్నాడు నాన్న.

అవ్వ మంచి చీర కట్టుకుని, చెల్లెలి కోసం శనక్కాయ ఉండలు మూట కట్టుకుని, సీటెక్కి కూర్చుంది కూడా. కొత్త గౌను వేసుకున్న నేను ఊరుకుంటానా? నేల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చాను.

అవ్వ మెల్లగా దిగింది. "బిడ్డను ఏడిపిచ్చొద్దప్పా. దాన్నే పిల్చుకొని పో. నేను ఇంగోతూరి వస్తాలే" అని మూట నా చేతికిచ్చింది.

మంగళవాడలో మంచం మీదున్న చిన్నవ్వ నా వెనక గుమ్మం వైపే చూస్తూ, "మా యక్క యాడ పాపా?" అంది. బండిలో చోటు లేదన్నాను. మూటలో సగం ఉండలు దారిలో నేనే తినేశాను...

శనక్కాయలు పీకక ముందే చిన్నవ్వ పోయింది. ఆ రోజు నాన్న అవ్వను స్కూటర్ మీదే తీసుకెళ్ళాడు. వెనక సీటంతా అవ్వదే. నేను ఏడవలేదు, అడగలేదు. అవ్వ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు మాది ఏడు సీట్ల కారు. బటన్ నొక్కితే చాలు, వంచే పని లేదు. చల్లగా ఉంటుంది, కుదుపు తెలీదు. స్కూటర్ కంటే అన్ని విధాలా మేలే... కాదని ఎందుకనాలి? ఎక్కేది మాత్రం నేనూ, నా కూతురూ.

మొన్న ఊరి నుంచి వస్తూ శనక్కాయల సంచి నా పక్క సీట్లో పెట్టాను. కారు ఒకటే కూత. "అమ్మా, అక్కడెవరో కూర్చున్నారనుకుంటోంది. బెల్టు పెట్టు!" అని వెనక నుంచి నవ్వింది నా కూతురు.

పెట్టాను. కూత ఆగింది. కాసేపు నాకు దారి సరిగ్గా కనబడలేదు.

మీ ఇంటి బండిలో చోటు లేక ఆగిపోయింది ఎవరు? చెప్పండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్ళను ఎక్కించుకుని ఎక్కడికైనా వెళ్ళి రండి. తర్వాత చెబుదురు గానీ.