డీజిల్ తాగింది ఎవరు

మూడేళ్ళ కిందటి సంగతి. శివరాత్రి తిరునాళ్ళు అయిపోయి ఎండలు ముదురుతున్న రోజులు. నరసరావుపేటలో మా నాన్న ఆటో స్పేర్స్ కొట్టు వెనక గదిలో నేను వాహనాల ఇంజిన్ కంప్యూటర్లు బాగుచేస్తాను. వాటిని మేం ఈసీయూ అంటాం. అరచేతికన్నా కాస్త పెద్దదైన అల్యూమినియం పెట్టె. ఇంజిన్‌కు ఏ క్షణాన ఎంత డీజిల్ అందాలో నిర్ణయించేది అదే. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఈ పనిలోకి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళయింది.

ఆ రోజు పొద్దున కొట్టు ముందు ఒక సిమెంట్ లారీ ఆగింది. రెండు తలుపుల్లోంచి ఇద్దరు దిగారు. ఓనరు కోటేశ్వరరావు గారు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. డ్రైవర్ మస్తాన్ గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇద్దరిదీ దాచేపల్లి. పద్దెనిమిదేళ్ళుగా ఆయన బండి తోలేది మస్తానే.

"అమ్మాయ్, బండి కంప్యూటర్లో అంతా ఉంటదంట గదా. డీజిల్ ఎంత తాగిందో, దారిలో ఎంత దిగిపోయిందో తీసి చూపించు" అన్నారు కోటేశ్వరరావు గారు.

"దిగిపోవటం ఏంది బాబాయ్?"

"నాలుగు నెలల నుంచి మైలేజీ రావట్లా. లీటరుకి నాలుగు పైన ఇచ్చే బండి మూడు ఇస్తంది. ట్యాంకుకి చిల్లు లేదు. ఇంక చిల్లు ఎక్కడుందో నువ్వే చెప్పు."

ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది. మస్తాన్ గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, నేనడిగేది కూడా అదే. తీసి చూడు. నేను దొంగ పని చేసుంటే అందులో రాసి ఉంటది గదా."

నాతో అన్నాడు గానీ వినాల్సింది ఆయన. ఇద్దరికీ మాటల్లేక రెండు నెలలవుతోందని నాకు తర్వాత తెలిసింది. నెలాఖరుకి తాళాలు ఇచ్చేసి వేరే బండి చూసుకుందామని మస్తాన్ అప్పటికే నిశ్చయించుకున్నాడట.

ఇంజిన్‌కు ఎంత డీజిల్ ఇవ్వమని చెప్పిందో అంతవరకే కంప్యూటర్‌కు తెలుస్తుందనీ, ట్యాంకులోంచి ఎవరు తీశారో దానికి తెలియదనీ చెప్పాను. కోటేశ్వరరావు గారి ముఖం చిన్నబోయింది. ఆయన లేచేలోపు మస్తాన్‌ను అడిగాను.

"బండిలో ఇంకేమన్నా మార్పు కనపడిందా?"

"లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లగా పొగ కక్కుతంది. రెండుసార్లు చెప్పా. సాకులు చెప్పబాక అన్నారు."

"పుల్లింగ్ తగ్గిందా?"

"తగ్గటమా? దున్నపోతులాగా లాగుతంది."

నా చెవులు అక్కడ నిక్కపొడుచుకున్నాయి. డీజిల్ దొంగతనానికి గురైతే పొగ రాదు. ఇంజిన్ అరిగిపోతే పొగ వస్తుంది గానీ లాగుడు తగ్గుతుంది. లాగుడూ పెరిగి, పొగా పెరిగి, మైలేజీ పడిపోయిందంటే ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువగా పోయమని ఎవరో చెప్పి ఉండాలి.

లాప్‌టాప్ తగిలించి ఈసీయూలో ఉన్న ప్రోగ్రాం మొత్తం కాపీ తీశాను. దీన్ని డంప్ అంటాం. అదే మోడల్ బండిది, అదే సాఫ్ట్‌వేర్ నెంబరుది, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఫైలు ఒకటి నా దగ్గర ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టాను. తేడా ఉన్నచోట అంకెలు ఎర్రగా కనపడతాయి. చాలాసేపు ఎరుపు లేదు. ఆ తర్వాత పేజీకి పేజీ ఎర్రబడింది. అవి మ్యాపులు. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే ఎంత డీజిల్ పోయాలో గళ్ళు గళ్ళుగా రాసిన పట్టికలు. ప్రతి గడిలోనూ అంకె పెరిగి ఉంది. పొగ రాకుండా ఆపే హద్దు కూడా ఎత్తేశారు.

"బాబాయ్, ఈ బండికి ఎవరన్నా లాప్‌టాప్ పెట్టారా?"

"ఎవురూ పెట్టలా" అన్నారు టీ గ్లాసు అందుకుంటూ. సగం తాగి ఆగిపోయారు. గ్లాసు కింద పెట్టారు.

"నాలుగు నెలల కిందట మస్తాన్ కంటి ఆపరేషన్‌కి పోయినప్పుడు వారం రోజులు నేనే తోలా. ఎత్తు మీద లాగట్లేదని రోడ్డు పక్క షెడ్డులో చెప్పా. వాడు వైరు పెట్టుకోని అరగంట కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నాడు."

"పుల్లింగ్ పెంచమని మీరే అడిగారా?"

"అడిగా."

మస్తాన్ నేలకేసి చూస్తున్నాడు.

తేడా దొరికింది నిజమే. కానీ మైలేజీ పోయింది దానివల్లేనని నడిపి చూడకుండా చెప్పటానికి నాకు మనసొప్పలేదు. ఒక మనిషి పరువు విషయం. కంపెనీ ఫైలు తిరిగి ఎక్కిస్తాననీ, రేపు లోడుతో తిరిగి చూద్దామనీ అన్నాను. ఇలా రాయటాన్ని ఫ్లాష్ చేయటం అంటాం. మధ్యలో కరెంటు తగ్గితే ఈసీయూ చచ్చిపోతుంది. అందుకని బ్యాటరీకి విడిగా సప్లై తగిలించి మొదలుపెట్టాను. తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా సాగుతుంటే ఇద్దరూ చెరోపక్క వంగి చూశారు. గీత చివరికి చేరేదాకా ఎవరూ కదల్లేదు.

మర్నాడు దాచేపల్లిలో సిమెంట్ లోడు ఎత్తారు. బంకులో ట్యాంకు మూతి దాకా నింపించి, మీటరు అంకె చేతి మీద రాసుకుని నేను కూడా క్యాబిన్ ఎక్కాను. లారీలో పోవటమేందే అని మా అమ్మ పొద్దున్నుంచి సణుగుతూనే ఉంది. మస్తాన్ స్టీరింగ్ దగ్గర, కోటేశ్వరరావు గారు కిటికీ దగ్గర, మధ్యలో నేను. పిడుగురాళ్ళ దాటేదాకా వాళ్ళ సంభాషణ నా మీదుగానే నడిచింది.

"అమ్మాయ్, గేరు మార్చమను."

"మార్చానని చెప్పమ్మా."

నవ్వు ఆపుకోలేక నేను అద్దంలోకి చూశాను. వెనక పొగ లేదు. ఎత్తు వచ్చింది, బండి కాస్త రొప్పింది, ఎక్కింది. వెనక ఆకాశం తెల్లగానే ఉంది. కోటేశ్వరరావు గారు తల బయటికి పెట్టి చాలాసేపు అటే చూశారు.

గుంటూరులో లోడు దింపకముందే ఊరి మొదట్లో బంకు దగ్గర ఆగి మళ్ళీ మూతి దాకా నింపాం. లెక్క నేను వేయలేదు, ఫోను ఆయన చేతికిచ్చాను. ఒకసారి వేశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వేశారు. లీటరుకు నాలుగుంపావు కిలోమీటర్లు.

ఫోను నాకిచ్చి బండికి అటువైపు నడిచారు. మస్తాన్ చక్రం దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు.

"మస్తానూ, తప్పు నాది."

మస్తాన్ చేతులు తుడవటం ఆపాడు. "అనుమానం వచ్చిన రోజే నన్ను అడగాల్సింది అన్నా. ఊళ్ళో జనం నోట వినాల్సి వచ్చింది."

"అడగలేకపోయా. ఊళ్ళో కూడా నేనే చెప్తాలే, అందరి ముందు."

మస్తాన్ గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "అది సరే గానీ, పుల్లింగ్ మాత్రం అప్పుడే చానా బాగుండేది" అన్నాడు. కోటేశ్వరరావు గారు ముందు బిత్తరపోయి, తర్వాత బొజ్జ కదిలేలా నవ్వారు. నేను నవ్వీ నవ్వీ బంకు గోడకు ఆనుకున్నాను. పక్కనే హోటల్లో భోజనానికి కూర్చుంటే, పప్పులో నెయ్యి చాలదని మస్తాన్ తరఫున సర్వరుతో దెబ్బలాడింది కూడా ఆయనే.

కోటేశ్వరరావు గారు మాట నిలబెట్టుకున్నారు. దాచేపల్లి లారీ స్టాండులో పదిమంది డ్రైవర్ల ముందు జరిగింది చెప్పారట. ఆ వారంలోనే నల్లపొగ బండ్లు మూడు మా కొట్టు ముందుకొచ్చాయి.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక అలవాటు వచ్చింది. బండి రాగానే లాప్‌టాప్ తీయను. తోలేవాణ్ణి కూర్చోబెట్టి, బండి ఎలా ఉందో ముందు అతని నోట వింటాను. ఫైళ్ళలో ఎరుపు ఎక్కడుందో తెర చూపించింది నిజమే. కానీ ఎక్కడ వెతకాలో నాకు చెప్పింది మాత్రం నాలుగు నెలలుగా ఎవరూ చెవిన పెట్టని మస్తాన్ మాట.