మంచుగదిలో దాగిన చేప

సముద్రపు అడుగున తిరిగే చేప ఒకటుంది. ముగ్గురు మనుషులను వరసగా పడుకోబెట్టినంత పొడవు, వెండి పట్టీలాంటి ఒళ్లు, తలమీద ఎర్రటి కుచ్చు. అది ఒడ్డుకు కొట్టుకొస్తే భూమి కంపిస్తుందనీ, కడలి పొంగుతుందనీ నేను తిరిగిన రేవుల్లో చాలాచోట్ల విన్నాను. లెక్కలు తీసినవాళ్లకు అలాంటి సంబంధమేమీ కనబడలేదని చదివాను కూడా. చదివింది ఎక్కడా పైకి అనలేదు. టీ పోసి కూర్చోబెట్టినవాళ్లతో వాదన దేనికి?

ఒక రేవులో వలలు బాగుచేసే ఆవిడను అందరూ వలలక్క అనేవారు. పదకొండేళ్లప్పుడు ఆమె ఆ చేపను ఇసుకమీద చూసింది. మూడోనాడు సముద్రం వీధిలోకొచ్చి తల్లినీ తండ్రినీ పట్టుకుపోయింది. చంకలో ఉన్న తమ్ముడు మిగిలాడు. వాణ్ణి పెంచడంలో పడి పెళ్లి ఊసే మరిచిపోయింది. అప్పటినుంచి అక్కడొక కట్టుబాటు: ఆ చేప దొరికితే వలలక్కకు చూపించాలి, ఆమె ఆగమంటే మూడు రోజులు ఒక్క పడవా కదలకూడదు. నలభై ఏళ్లలో రెండుసార్లు ఆగమంది. ఒకసారి గాలివాన వచ్చింది, ఒకసారి రాలేదు. రానిదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

నేనక్కడ ఉండగానే ఒక పొద్దున తమ్ముడు ఆ చేపను తోపుడుబండిమీద ఆమె షెడ్డుకు తెచ్చాడు. ఒడ్డున దొరికిందన్నాడు. ఒంటిమీద తెల్లటి మచ్చలున్నాయి. వేరెవరైనా తెస్తే మొప్పలెత్తి, బోర్లించి చూసేదే. తెచ్చింది తమ్ముడు కాబట్టి చూడలేదు. ఆగమంది. పొయ్యి వెలగని ఇళ్లవాళ్లు కూడా మారుమాట్లాడకుండా ఆగారు.

నాలుగోనాడు షెడ్డు వెనక తమ్ముడి వల కుప్పగా కనబడింది. చిరుగులు కుట్టించుకోవడానికి, అలవాటు కొద్దీ, అక్క దగ్గరే పడేసి పోయాడు. ఇంకా తడి ఆరలేదు, కన్నుకన్నుకూ పొలుసులు. మరమ్మతని చెప్పి పడవను ముందే కొండ అవతలికి చేర్చుకుని, చేపలు గుంపులుగా వచ్చిన ఆ మూడు రోజులూ వాడొక్కడే వేటాడాడు. ఆ తెల్లటి మచ్చలు మంచు తగిలి పడ్డవని ఆమెకప్పుడు తట్టింది. తిన్నగా చేపలు నిల్వచేసే మంచుగదికి నడిచింది. షెడ్డుకు రాకముందు ఆ చేప తొమ్మిది రోజులు తన దగ్గరే ఉందని, తమ్ముడే దాచమన్నాడని కాపలా ముసలాయన చెప్పాడు. "నీకు తెలిసే జరుగుతోందనుకున్నానమ్మా," అన్నాడు.

తమ్ముణ్ణి పిలిపించింది. తల దించుకుంటాడేమో అనుకున్నాను. దించుకోలేదు.

"నేను చెబితే ఎవడు నమ్ముతాడక్కా? నువ్వు చెబితేనేగా ఆగుతారు."

"అందుకని నా నోటితో చెప్పించావా?"

"ఇప్పుడేమైందని? ఎవరూ చావలేదుగా."

"ఎదురుగా చచ్చి నిలబడ్డాను, కనబడటం లేదురా?"

కావాలంటే ఆమె ఊరుకోవచ్చు. ముసలాయన నోరు విప్పే మనిషి కాదు. కానీ మర్నాడు పడవలవాళ్లందరినీ పిలిచి, చేప పాతదనీ, మచ్చలు కనబడినా తాను అడగలేదనీ చెప్పేసింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో. ఒకాయన మాత్రం తల గోక్కుంటూ అడిగాడు: "మరి ఈసారి నిజంగా కొట్టుకొస్తే ఎవరికి చూపించాలి వలలక్కా?"

"నాకు మాత్రం వద్దు," అంది. "తమ్ముడు తెచ్చాడని కళ్లు మూసుకున్నదాన్ని."