వాడక ముందు

మా బావ ఫొటో స్టూడియో నడుపుతాడు. బడి గుర్తింపు కార్డుల నుంచి పెళ్లిళ్ల దాకా మా వీధి మొహాలన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. ఆ కోపమే కొంప ముంచింది. ఆ మాట ఆయన మొహం మీద అనలేక ఇక్కడ రాస్తున్నాను.

మా అక్క బొద్దుగా ఉండేది. ఓసారి కొత్త లైటు సరిచూసుకోవడానికి బావ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. "కళ్లు మూయకే!" అని పదిసార్లు విసుక్కునేసరికి అక్కకి నవ్వాగలేదు. ఆ నవ్వు ఫొటోలో పడింది. అంత బాగా ఆయన ఇంకెవరినీ తీయలేదు. మూలన స్టూడియో పేరు చిన్నగా వేసి, గొప్పగా నెట్‌లో పెట్టాడు.

ఆర్నెల్లకు అది ఒళ్లు తగ్గించే పొడి ప్రకటనలో తేలింది. మూలనున్న పేరును నీటుగా కోసేశారు. ఎడమవైపు మా అక్క, కింద ‘వాడక ముందు’. కుడివైపు సన్నగా ఇంకెవరో, కింద ‘వాడిన తర్వాత’. కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ, "ఏంటి వదినా, పొడి ఇంకా పనిచేయలేదా?" అంది. నలుగురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరు ఫొటో తీయబోతూ ఫోన్ ఎత్తినా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

బావ ఆ పొడి కంపెనీకి ఫిర్యాదు చేశాడు. ఫొటో మీదేనని రుజువు పంపమన్నారు. అసలుది పంపితే అదీ ఎత్తుకుపోతారని, దాని మీద పెద్దగా పేరు అచ్చేసి పంపాడు. ‘ఇది వేరే ఫొటో, దీని మీద పేరుంది’ అని జవాబొచ్చింది. ఈయనకు ఒళ్లు మండింది. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఫొటోకూ సరిగ్గా మొహం మీద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా స్టూడియో పేరు వేసి, పాతవాటి మీదే సేవ్ చేశాడు. అక్క ఫొటో కూడా. నెట్‌లో పెట్టినదాన్నీ తీసేశాడు.

"ఒక్క కాపీ అయినా దాచుకో బావా," అన్నాను.

"అసలుదంటూ ఉంటే కదా ఎత్తుకెళ్లేది!" అన్నాడు.

మొన్న శీతాకాలంలో అక్క పోయింది. గుండె ఆగిపోయింది. పటం కట్టిద్దామంటే, ఊరందరికీ ఫొటోలు తీసినవాడి ఇంట్లో పెళ్లాం మొహం లేదు. పెళ్లి ఆల్బమ్‌లో ఉన్నది పంతొమ్మిదేళ్ల పిల్ల, మా అక్క కాదు. గుర్తింపు కార్డులో ఉన్నది ఎవరో దొంగతనంలో పట్టుబడ్డ మనిషి. నవ్వే ఫొటోలో కళ్ల మీద ఆయన పేరుంది. మూడు రోజులు కూర్చుని తుడిచాడు. పేరుతోపాటు కళ్లూ పోయాయి.

"వాళ్ల దగ్గరుంది కదా బావా," అన్నాను. అనక తప్పలేదు.

బావ ఆ ప్రకటన తెరిచాడు. అక్క నవ్వుతోంది, మొహం మీద ఒక్క అక్షరం లేకుండా. అడుగున సన్నటి అక్షరాలు: ‘ఈ చిత్రాలు మా సొంతం. అనుమతి లేకుండా వాడరాదు.’

బావ దాన్ని పైకి చదివాడు. తర్వాత ఫొటో దించుకుని, ‘వాడక ముందు’ అక్షరాల పైనుంచి కోశాడు. వాళ్లు కోసినంత నీటుగా కుదరలేదు. ఇంకాస్త కోస్తే భుజాలు పోతాయి. ‘వాడక’ మీది తలకట్లు రెండు చీర మీద ఉండిపోయాయి.

"అవి తుడిచేయొచ్చుగా. నీకు రాని పనా?"

"వద్దమ్మా. ఇంక దాని మీద చెయ్యి వెయ్యను."

పటం గోడకెక్కింది. చీర మీద ఆ గీతలేంటని వచ్చినవాళ్లు అడుగుతారు. బావ లోపలికి వెళ్లిపోతాడు. నేనే ఏదో ఒకటి చెబుతాను.