చిన్నసుబ్బమ్మ తూకం

లింగాల మండలంలో చిన్నసుబ్బమ్మ నమ్మిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడి భుజం మీదుగా తొంగిచూసి, అంకెలు తనూ గోడ మీద బొగ్గుతో రాసుకునే రకం. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. తర్వాత మూడెకరాల్లో చీనీ, అంటే బత్తాయి తోట పెట్టింది. పోయినేడు ధర పడిపోయి కాయలు చెట్లకే వదిలేసింది. గొర్రెల మందలో సగం అమ్ముకుని ఇల్లు నడిపింది. ఈ ఏడు కూడా అట్లాగే అయితే మిగిలిన సగమూ పోతుంది.

అప్పుడే లింగాలలోకి రైతుల సంఘం వచ్చింది. కాయలకు ఏడాది పొడుగునా ఒకే ధర, సూటు లేదు అంది. సూటంటే టన్నుకు వంద కిలోలు వ్యాపారి ఊరికే తీసుకోవడం. పులివెందుల మండీలో జయచంద్ర ఏళ్ల తరబడి తీసుకుంటున్నాడు. అతను ఎంత తింటాడో ఆమెకు తెలుసు. సంఘం ఎంత తింటుందో తెలీదు, అదే ఆమె భయం.

సంఘంతో ఒప్పందాలకు ఆఖరి రోజున, రెండుచోట్లా కాటాలు సరిచూద్దామని పొట్టేలును ఆటో ఎక్కించింది. మండీ దగ్గర నీళ్ల తొట్టి కనిపించగానే అలవాటుగా చెంగులోని ఉప్పు నాకించి, కడుపునిండా నీళ్లు తాపి, జయచంద్ర కాటా మీద నిలబెట్టింది. నలభై రెండు కిలోలు. ఎండలో మళ్లీ లింగాలకు వచ్చి సంఘం కాటా ఎక్కించింది. నలభైన్నర.

"మీ కాటా కిలోన్నర తింటాంది పాపా," అంది.

"అట్లేం లేదవ్వా. ఈ పొద్దు దాటితే మళ్ల వచ్చే ఏడే," అంది సంఘం గుమాస్తా సుప్రియ.

"నా కండ్లతో చూసినాను," అని చిన్నసుబ్బమ్మ విసురుగా బయటికి వచ్చేసింది.

ఇంటికి పోయే సగం దారిలో ఆటో తోలే కలీం గొణిగాడు. "అవ్వా, దోవంతా ఉచ్చ పోసి నా బండి తడిపేసింది నీ పొట్టేలు. ఏం తాపినావు దానికి?"

ఆమెకు మండీ దగ్గరి తొట్టి గుర్తొచ్చింది. అమ్మకానికి తోలేముందు బరువు పెరగాలని గొర్రెలకు ఉప్పూ నీళ్లూ పట్టడం చిన్నప్పుడు నేర్చిన విద్య. ఈ రోజు ఆ మోసం తనకు తానే చేసుకుంది.

ఆటో వెనక్కి తిప్పించింది. సుప్రియ తాళం వేస్తోంది. ఒప్పందం చేసుకున్నవాళ్ల జాబితా అప్పుడే పంపేశారట.

కాయ కోతకొచ్చేసరికి ధర మళ్లీ పడిపోయింది. జయచంద్ర సూటు మాత్రం తగ్గలేదు. నెల తిరక్కముందే మిగిలిన మందనూ, ఆ పొట్టేలునూ సంతకు తోలింది. కొనడానికి వచ్చినాయన పొట్టేలు పొట్ట నిమిరి, "ఓ గంట ఎండలో కట్టెయ్యమ్మా, అప్పుడు తూకం ఏద్దాం," అన్నాడు.

చిన్నసుబ్బమ్మ తాడు గుంజకు కట్టింది.