రెండో చెవి

జమ్మలమడుగు కాలేజీలో నేను ఎకనామిక్స్ చెబుతాను. చివరి రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ తృప్తి వస్తుందో అక్కడే పెట్టాలని ఏటా పిల్లలకు నూరిపోస్తాను. ఇంట్లో మా అమ్మకు మాత్రం ఆ ముక్క ఎక్కించలేకపోయాను.

అమ్మకు రెండు చెవులూ సరిగా వినపడవు. ఎర్రగుంట్ల రోడ్డు పక్కన గొర్రెలు మేపుతుంది. వెనక నుంచి సిమెంటు లారీ ఎంత హారన్ కొట్టినా కదలదు. పోయిన నెల ఒక లారీ ఆమెను ఒరుసుకుంటూ పోయింది, పక్కనున్న గొర్రె చచ్చింది. ఒక్క చెవికే వినికిడి మిషను పెడితే శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తెలీదు, రెండు చెవులకూ పెట్టించండని డాక్టరు విడమరిచి చెప్పాడు. పొట్టేళ్లు అమ్మిన డబ్బు అమ్మ దగ్గర రెండింటికీ సరిపోయేంత ఉంది. నాకు పరీక్షల డ్యూటీ పడింది, దాంతో ఆమె ఒక్కతే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే కుడిచెవిలో మిషను ఉంది. ఎడమచెవిలో లేదు. రెండు చెవులకూ బంగారు కమ్మలు మాత్రం మెరుస్తున్నాయి. నాకు తిక్క రేగింది. ప్రొద్దుటూరులో బస్సు దిగితే చాలు, ఆ బంగారం అంగళ్ల ముందు ఎవరికైనా మతి పోతుంది.

"వినపడని చెవికి బంగారం ఎందుకు మా? లారీ గుద్దితే కమ్మలు కాపాడతాయా?" అని అరిచాను.

"మెల్లగ మాట్లాడప్పా. ఇప్పుడు ఇనపడ్తాంది."

"రేపే పోయి వాపసు ఇచ్చేద్దాం. తరుగు, మజూరీ పోతే పోయింది."

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు ఉద్యోగమొచ్చినప్పుడు బండి కావాలంటివి. నా కమ్మలు అమ్మితి. తూట్లు పూడిపోకుండా ఇన్నేండ్లు యాపపుల్లలు పెట్టుకోని తిరిగినా. పెండ్లిండ్లకు పోతే చెవుల మీదికి కొంగు కప్పుకుంటి. నీకు కండ్లు కనపడలేదా?"

కనపడ్డాయి. ఆ పుల్లలు రోజూ చూస్తూనే ఉన్నాను.

"రెండో చెవి అంత అవసరమైతే నువ్వు కొనియ్యి," అని ఆమె గొర్రెల దొడ్డి వైపు నడిచింది.

నాకు జీతం పడి అప్పటికి వారమైంది. అందులో నుంచి కొనాలని ఒక్కసారి కూడా తట్టలేదు.